పది నిమిషాలు ఆగమన్నాను

ఆ ఆదివారం, నేను రాసిన మాటను నేనే చెరిపేశాను. నా తప్పు అదే.

ముందురోజు లిటిల్ ఇండియాలో కూరలు కొనుక్కుని యూ టీలోని మా ఇంటికి రైల్లో తిరిగొస్తూ మా పదో తరగతి వాట్సాప్ గ్రూపు చూశాను. మా ఊరి కాలవ మీద వంతెనకి మంత్రి మూడోసారి శంకుస్థాపన చేశాడట. "ఇప్పటిదాకా వేసిన రాళ్లు పేర్చుకున్నా ఈపాటికి కాలవ దాటేవాళ్లం" అని రాసి, చివర్లో ఆయన్ని ఒక బూతుమాట అన్నాను. గ్రూపంతా నవ్వింది. పక్కన కూర్చున్న మా అమ్మాయి ఫోన్‌లోకి తొంగి చూసింది.

"ఇక్కడ ఎవర్నీ ఏమీ అనవు నాన్నా, సో క్వైట్. అక్కడివాళ్లనే తిడతావు లా," అంది, ఇక్కడి పిల్లల్లాగే మాట చివర "లా" తగిలించి.

నిజమే. ఈ దేశానికొచ్చిన పదిహేనేళ్లలో హాకర్ సెంటర్లో టీ తాగుతూ కూడా ఇక్కడి రాజకీయం ఎత్తినవాణ్ణి కాదు. ఇక్కడ ఉండనిచ్చే ఉద్యోగపు పాస్ పోతుందని భయం. దాచుకున్న నోరంతా ఊరి గ్రూపులో పారేసుకునేవాణ్ణి.

బళ్లో నా పక్క బెంచీలో కూర్చున్న స్నేహితుడు ఆ మాటను, నా పేరు లేకుండా, తన ఫేస్‌బుక్‌లో పెట్టాడు. వాడు మండలాఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటర్. ఆదివారం పోలీసులు స్టేషన్‌కి రమ్మన్నారు. వెళ్లేముందు నాకు ఫోన్ చేశాడు.

"ఒరే, రాసిందెవరని అడుగుతారు. నీ పేరు చెప్పమంటావా? అంత దూరంలో ఉన్నోడివి, నిన్నేం చేస్తార్రా."

"పది నిమిషాలాగు. నేనే చేస్తా."

"సరే, ఈలోపు అన్నం తినేస్తాలే."

ఆ పది నిమిషాల్లో నా ఉద్యోగం గుర్తొచ్చింది. ఊరు వెళ్తే విమానాశ్రయంలో ఆపేస్తారేమో అనిపించింది. అన్నం తింటూ నా ఫోన్ కోసం చూసే మనిషి మాత్రం గుర్తు రాలేదు. ఆ మెసేజ్ ఎవరికీ కనబడకుండా తీసేసి, ఫోన్ ఆపేశాను.

తర్వాతి సంగతి వాడి భార్య చెప్పింది. ఎస్సై గ్రూపు తెరిపిస్తే చెరిపేసిన మెసేజ్ పక్కన నా పేరుందట. ఇదేంటని అడిగితే, "ఏదో పుట్టినరోజు ఫోటో పెట్టి తీసేశాడు సార్" అన్నాడట.

"మీ పేరు చెప్పనేలేదన్నయ్యా," అందామె. తిట్టినా బాగుండేది.

పన్నెండు రోజులు జైల్లో ఉన్నాడు. ఉద్యోగం పోయింది. మంత్రిని ఒక మాట అంటే ఇంత శిక్షా అని నాకు కోపం వచ్చేది. ఆ కోపాన్ని ఎవరి ముందూ వెళ్లగక్కలేకపోయాను. గ్రూపులో నవ్వినవాళ్లూ నోరు విప్పలేదు. వాళ్లను అనే అర్హత నాకు లేదు.

నాలుగు నెలలకు సెలవు పెట్టి ఊరెళ్లాను. నేను ఒప్పుకున్నా వాడి మీద కేసు పోదని, నా మీద ఇంకొకటి పడుతుందని వకీలు ముందే చెప్పాడు. బెయిలు షరతు ప్రకారం సంతకం పెట్టడానికొచ్చి, స్టేషన్ గేటు దగ్గర వాడు నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు.

"పది నిమిషాలన్నావు కదరా," అన్నాడు. గొంతులో కోపం లేదు.

ఫోన్ తీసి, వాడి ముందే గ్రూపులో "ఆ మాట రాసింది నేను" అని పెట్టాను. లోపలికి వెళ్లి పాస్‌పోర్టు బల్ల మీద ఉంచి, ఆ మాటను బూతుతో సహా నా చేత్తో మళ్లీ రాసి, కింద సంతకం పెట్టాను.