సుజాతకు వచ్చింది పిన్ని జబ్బు కాదు

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది. నెల్లూరులో ఒక ఆసుపత్రి ల్యాబులో పాథాలజిస్టుగా పనిచేస్తున్నాను. కోసి తీసిన గడ్డల ముక్కల్ని మైక్రోస్కోపు కింద చూసి, జబ్బు పేరు రాయడం నా పని. రోజంతా స్లైడ్లే, వాటి వెనకున్న మనుషులు నాకు కనిపించరు.

ఒక మధ్యాహ్నం సర్జన్ గారు ఇద్దరిని నా గదికి పంపారు. మైపాడులో చేపలమ్మే కావేరమ్మ, ఆమె పందొమ్మిదేళ్ల కూతురు సుజాత. సుజాతకు ఒక అండాశయంలో గడ్డ ఉంటే తీసేశారు. అది క్యాన్సరని, లింఫు గ్రంథులకు పాకిందని రిపోర్టు రాసింది నేనే. కీమో మొదలుపెట్టాలి. తల్లి ఒప్పుకోవడం లేదు, నన్ను చెప్పి చూడమన్నారు.

"మా చెల్లెలికీ ఇదే మేడం, అండాశయం క్యాన్సరు. కీమో అని ఏడాది తిప్పినాము. జుట్టు పోయి, తిండి పోయి, ఆఖరికి మనిషే పోయింది. ఈ బిడ్డనన్నా ఇంట్లో సుఖంగా ఉండనీండి," అంది.

నాకు విసుగొచ్చింది. కీమో వద్దంటున్నారన్న మాట డాక్టర్ల నోట అప్పటికి ఎన్నిసార్లు విన్నానో. అయినా చెల్లెలి పేరు అడిగి కంప్యూటర్లో వెతికాను. రెండేళ్ల కిందటి రిపోర్టు దొరికింది. కింద సంతకం నాదే. ఆమె నాకు గుర్తు కూడా లేదు.

"ఇద్దరిదీ ఒకటే జబ్బు కాదమ్మా," అన్నాను. "గడ్డ ఏ కణాల్లో పుట్టిందన్నదాన్ని బట్టి రకం మారుతుంది. మీ చెల్లెలిది పైపొర కణాల రకం, సీరస్ కార్సినోమా అంటాం. చాలామందిలో ముదిరాకే బయటపడుతుంది, తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది. హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టేది ఇంకో రకం. మీ అమ్మాయిది అండాలుగా మారే కణాల్లో పుట్టింది. డిస్‌జెర్మినోమా. ఎక్కువగా చిన్న వయసులో వస్తుంది. పాకినా కీమోకు బాగా లొంగుతుంది."

సుజాత నా వైపు చూసి, "పిన్నికి కూడా తగ్గుతుందనే చెప్పినారు మేడం," అంది.

పిన్ని స్లైడూ సుజాత స్లైడూ తెప్పించి, ఒకదాని తర్వాత ఒకటి మైక్రోస్కోపు కింద పెట్టాను. సుజాత చాలాసేపు చూసింది.

"వేరేగానే ఉండాయి అమ్మా," అంది.

కావేరమ్మ కూడా వంగి చూసింది. కళ్లు తుడుచుకుని, "మా చెల్లెలిది ఏ రకమో అప్పుడెవరూ చెప్పలేదే," అంది.

రిపోర్టులో రాశానని అనబోయి ఆగిపోయాను.

మర్నాడు కీమోకు వచ్చారు. తేలిగ్గా గడవలేదు, రెండో విడత తర్వాత సుజాత జ్వరంతో వారం రోజులు ఆసుపత్రిలోనే పడుంది. అయినా జబ్బు జాడ లేకుండా పోయింది. రెండో అండాశయం భద్రంగా ఉంది. ఇప్పటికీ పరీక్షలకు వస్తూనే ఉంది.

స్లైడ్లు తగ్గలేదు, నా అలసటా తగ్గలేదు. రకం పేరు సరిగ్గా రాస్తే నా పని అయిపోయిందనుకునేదాన్ని ఇన్నేళ్లూ. చదివేవాళ్లకు అర్థం కాకపోతే ఆ కాగితం మీద మిగిలేది ఒక్క మాటే, క్యాన్సర్. ఇప్పుడు ఎవరైనా వచ్చి అడిగితే కూర్చోబెట్టి చెబుతున్నాను. అడగకుండా వెళ్లిపోయేవాళ్ల సంగతేమిటో ఇంకా తెలియదు.