కాలువ ఒడ్డు అరెకరం

నా చిన్నప్పుడు వర్ని దగ్గర మా కుటుంబానికి ఇరవై ఎకరాల కాలువ కింది పొలం ఉండేది. అందులో నాట్లు వేయడానికి వచ్చే ఒక అక్క నన్ను చంకనేసుకుని పెంచింది. ఆమె తమ్ముడు దుబాయి పోయి నాలుగు పైసలు పంపాక, ఒక వేసవి ఉదయం ఆమె తన ముసలి తండ్రిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. కాలువ ఒడ్డున ఉన్న మా అరెకరం కొనుక్కుంటామని అడగడానికి.

మా నాన్న అరుగు మీద కుర్చీలో ఉన్నారు. వాళ్లిద్దరూ కింద నిలబడ్డారు. కూర్చోమని ఎవరూ అనలేదు. నాకూ ఆ రోజు అది వింతగా తోచలేదు.

"కాల్వ తవ్వినప్పుడు మా అవ్వ, బాపు మట్టి మోసిండ్రయ్యా," అన్నాడు ఆ ముసలాయన నెమ్మదిగా. "నీళ్లొచ్చినయి గని భూమి మాకు రాలె. గిప్పుడు పైసలున్నయి. ధర మీరే చెప్పుండ్రి."

నాన్న కోప్పడలేదు. చెమటోడ్చి సంపాదించిన పొలాన్ని ముక్కలు చేయలేమని మర్యాదగానే చెప్పారు. అంతటితో ఆగితే బాగుండేది. అంత ఆశ ఉంటే మీవాళ్లు అప్పుడే కొనుక్కోవలసిందని నవ్వారు. ఆయన నవ్వితే నేనూ నవ్వాను.

లోపల బియ్యం ఏరుతున్న మా నాయనమ్మ చేట పక్కనపెట్టి గడపలోకి వచ్చింది. కొడుకు మాటకు ఆమె ఎదురు చెప్పడం అంతకుముందు నేను చూడలేదు.

"అప్పుడు వీళ్లకి ఎవరమ్మేవారురా? మనకి కృష్ణ ఒడ్డున రెండెకరాలుంటే అవి అమ్ముకొచ్చి ఇక్కడ ఇరవై కొన్నాం. వీళ్లకి అమ్ముకోవడానికి ఏముంది? దొర పొలంలో కూలి కూడా లేకుండా చాకిరీ చేశారు. మనం కష్టపడలేదని నేననను. వీళ్లు అంతకంటే ఎక్కువే పడ్డారు."

తర్వాత ఆమె ఆ ముసలాయన వైపు తిరిగింది. తాము ఈ ఊరికి వలస వచ్చి బండి దిగిన రోజున ఆయన తల్లి కుండతో మంచినీళ్లు తెచ్చిందనీ, దాహంతో నాలుక పిడచకట్టుకుపోతున్నా కులం చూసి ముట్టుకోలేదనీ చెప్పింది. అక్క నా వంక ఒక్కసారి చూసింది. కోపంగా చూసినా తట్టుకునేదాన్నేమో. నేను స్తంభం చాటుకు వెళ్లిపోయాను.

నాన్న పొలం ఇవ్వలేదు. నాయనమ్మ మాట ఆ ఇంట్లో అంతవరకే చెల్లింది. వాళ్ల డబ్బు పిల్లల పెళ్లిళ్లకూ జబ్బులకూ కరిగిపోయింది. కొన్నేళ్లకు అదే అరెకరాన్ని మా బంధువు ఒకాయనకు అమ్మి నన్ను హైదరాబాదులో చదివించారు.

నాకు ఉద్యోగం వచ్చిన రోజు ఊరంతా మా నాన్న కష్టాన్ని మెచ్చుకుంది. అక్క కూడా పొలం నుంచి అలాగే బురదకాళ్లతో వచ్చి, "మంచిగ సదివినవ్ బిడ్డా, నీ కష్టం ఊకె పోలె," అంది. ఆమె కూతురు అప్పుడు ఆ అరెకరంలోనే కూలికి నాట్లు వేస్తోంది.

ఇన్నేళ్లయినా, ఎలా పైకి వచ్చావని ఎవరైనా అడిగితే 'కష్టపడి' అనే మాట నా నోటికి రాదు.