మిల్లు వెనకాల ఊటీ

మిర్యాలగూడ బద్రీనాథ్ గారికి ఏ ఊళ్లో నిలబడ్డా ఇంకో ఊరు కనబడుతుంది. కళ్లలో లోపమేమీ లేదు, డాక్టరుకు చూపించారు. తాగే అలవాటు అసలే లేదు. ఉప్పుడు బియ్యం మిల్లు నడుపుకునే పెద్దమనిషి. కానీ మీతో మాట్లాడుతూనే సగం కళ్లు మూసి, తల ఓ పక్కకు వాల్చి, "అచ్చం జైపూర్ లెక్కనే ఉన్నది గదా" అంటారు. మీరు ఉలిక్కిపడి చుట్టూ చూస్తే మార్కెట్ యార్డు ఉంటుంది. దాని మధ్యలో ఓ గేదె నిలబడి ఉంటుంది.

"మీరు జైపూర్ పోయిండ్రా సార్?" అని అడిగారనుకోండి, జవాబు ఎప్పుడూ ఒకటే.

"పోలే. నాకు ప్రయాణం పడదు. కడుపుల తిప్పుతది."

కోదాడలో కొత్తగా ఫోటో స్టూడియో పెట్టుకున్న గ్రేస్‌కు ఆయన సంగతి తెలియదు. తెలియదు కాబట్టే ఆయన ఫోన్ చేసిన రోజు అంత సంబరపడింది.

"మా పెండ్లయి ముప్పై ఏండ్లయితున్నది బిడ్డా. ఫంక్షన్ హాల్ల పెద్ద తెర మీద మా ఆమె ఫోటోలు పడాలె. ఒక్కో ఫోటో ఒక్కో ఊర్ల. ఊటీ, జైపూర్, బొంబాయి, కేరళ."

అప్పటిదాకా గ్రేస్ కెమెరాకు పాస్‌పోర్టు ఫోటోలు, పుట్టినరోజు కేకులు తప్ప లోకం తెలియదు. ఫోను చెవిన ఉండగానే మనసులో పెట్టె సర్దేసింది. సైగ చేసి వాళ్లమ్మను స్వెటర్ తీయమంది.

"ఫ్లైట్‌లో వెళ్తామా అంకుల్, రైల్లోనా?"

"ట్రాలీ ఆటో," అన్నారు బద్రీనాథ్ గారు.

మర్నాడు తెల్లారకముందే మిర్యాలగూడ చేరిన గ్రేస్‌కు ఆ ట్రాలీ మిల్లు గేటు దగ్గర కనబడింది. బియ్యం బస్తాలు వేసే చోట రెండు ప్లాస్టిక్ కుర్చీలు తాడుతో కట్టి ఉన్నాయి. డ్రైవరు హన్మా వాటిని తుడుస్తున్నాడు. షెడ్డులో మాత్రం తళతళలాడే కారు, దాని మీద సగం జారిన కవరు. ఇంత పిసినారితనం ఎక్కడా చూడలేదనుకుంది గ్రేస్.

బద్రీనాథ్ గారు జేబులోంచి నిమ్మకాయ తీసి ఓసారి వాసన చూసి మళ్లీ లోపల పెట్టుకున్నారు. "ట్రాలీల పోయినా నాకు గిట్లనే ఉంటది," అన్నారు సంజాయిషీగా. తర్వాత గోడ పక్కగా నడిచి మిల్లు వెనకాలకు తీసుకెళ్లారు.

"ఊటీ," అన్నారు.

బాయిలర్ ఆవిరి. ఉడికిన వడ్ల మీంచి పొగలు పొగలుగా లేస్తోంది. గోనెసంచులు, మురికికాలువ, చిరిగిన తార్పాలిన్.

"అంకుల్, అది తార్పాలిన్..."

"టీ తోటల గుడిసెకు కప్పిండ్రు. ఉండనీయి."

గ్రేస్ నవ్వాపుకుంటూ కెమెరా కంటికి ఆనించింది. అప్పుడే శాలువా కప్పుకుని బద్రీనాథ్ గారి భార్య కన్యక ఆ తెల్లదనంలోంచి మెల్లగా నడిచి వచ్చింది. ఎండ ఇంకా పూర్తిగా రాలేదు. ఆవిరి ఆమె భుజాల మీదుగా జారి, పాదాల దగ్గర చుట్టుకుని, మళ్లీ లేచి గోడనూ గోనెలనూ మింగేసింది. ఒక్క క్షణం గ్రేస్‌కు తాను ఎక్కడుందో గుర్తు రాలేదు. ఎక్కడో కొండల్లో చర్చి గంట మోగినట్టు కూడా అనిపించింది. అది మిల్లులో షిఫ్టు గంట.

జైపూర్ ఊక గుట్ట మీద అయింది. పొద్దుటి ఎండకు ఊక బంగారు ఇసుకలా మెరిసిందన్నది నిజమే, ఆ తర్వాత అందరూ సాయంత్రందాకా గోక్కున్నదీ నిజమే.

గోక్కునే విరామంలో కన్యక గ్రేస్‌ను పక్కకు పిలిచింది.

"మంచిగ రావాలె బిడ్డా. ఆ దినం మా చెల్లెండ్లందరు వస్తరు. ఒకామె దుబాయ్ ఫోటోలు సూపిస్తది, ఒకామె సిమ్లా ఫోటోలు సూపిస్తది. 'బావ నిన్ను నల్లగొండ దాటియ్యలే గదక్కా' అని నవ్వుతరు. నన్నంటే పోనీ. ఆయన్ని పిసినారి అంటరు. గది నాకు సూదిలెక్క గుచ్చుకుంటది. ఒక్కపారి వాళ్ల నోర్లు మూతబడాలె."

గ్రేస్ సరేనంది కానీ, పిసినారిని పిసినారి అనడంలో తప్పేముందో ఆమెకు అర్థం కాలేదు.

బొంబాయి సూర్యాపేటలో దొరికింది. హైవే పక్కన లారీలు, బస్సులు, వాటి మధ్యలో దూరిపోయే బైకులు. కన్యకను ఎర్ర చీరలో నిలబెట్టి బద్రీనాథ్ గారు రెండు అడుగులు వెనక్కు వేసి కళ్లు సగం మూశారు. ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చాడు.

"ఏం షూటింగు సార్ ఇది?"

"బొంబాయి."

"ఇది సూర్యాపేట సార్."

"మీరు దినాం సూస్తరు గదా, గందుకే మీకు కనబడుతలేదు," అన్నారు బద్రీనాథ్ గారు ఎంతో దయగా.

కానిస్టేబుల్ ఓసారి రోడ్డు వంక చూశాడు. ఇంకోసారి చూశాడు. ఏం కనబడిందో ఏమో, ఫోటో అయ్యేదాకా తనే లారీలను ఆపాడు.

ఇక మిగిలింది కేరళ. అది కోదాడ చెరువు కట్ట మీద ఉందని బద్రీనాథ్ గారు చెప్పగానే సొంతూరు కాబట్టి గ్రేస్‌కు రోషం వచ్చింది.

"అవి తాటిచెట్లు అంకుల్. కేరళలో ఉండేవి కొబ్బరిచెట్లు."

"దూరంకెళ్లి సూడు బిడ్డా. ఎంత దూరం పోతే అంత కేరళ."

దూరం వెళ్లింది. నీళ్ల మీద పల్చటి మబ్బు నీడ, అవతల చెట్ల వరుస, ఇవతల పచ్చ చీరలో కన్యక. ఆయన చెప్పిందే నిజమయ్యేసరికి గ్రేస్‌కు కొంచెం కోపం కూడా వచ్చింది. క్లిక్కుమనిపించింది. ఆ నీడనిచ్చిన మబ్బే కాసేపటికి వానై మీద పడింది.

ఆ రోజు గ్రేస్ వాళ్లన్నయ్య కారు తెచ్చుకుంది. "ఆంటీ, తడిసిపోతారు, ఎక్కండి. స్టూడియో దగ్గర్లోనే ఉంది."

"వద్దు!" బద్రీనాథ్ గారు గొడుగు పారేసి పరుగెత్తుకొచ్చారు. "నాకు కారు పడదు!"

"మిమ్మల్ని కాదు అంకుల్. మీరు ట్రాలీలో రండి."

చిన్నపిల్ల ముచ్చటపడి పిలుస్తోంది, కాదంటే ఏం బాగుంటుందని కన్యక ఎక్కేసింది. మొదటి మలుపు దాకా నవ్వుతూనే ఉంది. రెండో మలుపులో నవ్వు ఆగింది. మూడో మలుపు రాకముందే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గ్రేస్ బ్రేకు వేసేలోపు జరగాల్సింది అన్నయ్య సీటు కవర్ల మీద జరిగిపోయింది.

వెనకే ట్రాలీ వచ్చి ఆగింది. బద్రీనాథ్ గారు తడుస్తూ దిగారు. జేబులోంచి నిమ్మకాయ తీసి, గోటితో గిచ్చి, భార్య ముక్కు దగ్గర పట్టారు. రెండో జేబులోంచి ఉప్పు పొట్లం, భుజం మీంచి తువ్వాలు. చేతులు వాటంతట అవే కదిలాయి, ఏళ్ల తరబడి అలవాటైన పనిలా.

"నాదే తప్పు బిడ్డా. పొద్దుగాల వెల్లుల్లి కారం తిన్న. గా వాసన ఆమెకు పడలే."

"మీరు కార్లో లేరు కదా అంకుల్!"

బద్రీనాథ్ గారు ఆలోచించారు. "గాలికి వచ్చి ఉంటది."

కన్యకకు అంత నీరసంలోనూ నవ్వొచ్చింది. "ఇగ సాలుగానియ్యి," అంది భర్తతో. గ్రేస్ వైపు తిరిగింది. "కొత్తగ పెండ్లయినప్పుడు ఊటీకని బయల్దేరినం. నల్లగొండ రాకముందే బస్సంత ఖరాబు చేసిన. ఇంటికి మర్రొచ్చినంక అందరడిగితే, తనకే కడుపుల తిప్పిందని ఈయన చెప్పిండు. గప్పటి సంది గదే మాట. గాలి తగిలే ట్రాలీల అయితేనే నాకు తిప్పదు. నేను ఏడుస్తుంటే మర్నాడు పొద్దుగాల మిల్లు వెనకాలకు తీస్కపోయి, 'గీడికే వచ్చింది సూడు ఊటీ' అన్నడు."

 గ్రేస్‌కు ఆ షెడ్డులోని కారూ, తాడుతో కట్టిన కుర్చీలూ గుర్తొచ్చాయి. పిసినారి అనుకున్నందుకు సిగ్గేసింది. సీటు కవర్ల సంగతి మర్చిపోయింది. అన్నయ్య మాత్రం మర్చిపోలేదు, అది వేరే కథ.

ఫంక్షన్ రోజు పెద్ద తెర మీద ఆవిరిలోంచి కన్యక నడిచొస్తున్న ఫోటో పడగానే హాలంతా ఆ అని నోరు తెరిచింది. దుబాయ్ చెల్లెలు దీప లేచి నిలబడింది.

"అక్కా! ఇది ఊటీయే! ఎప్పుడు పోయిండ్రే? మరి బావకు కడుపుల తిప్పలేదా?"

చెల్లెళ్లంతా గొల్లున నవ్వారు. బద్రీనాథ్ గారు కూడా అలవాటుగా నవ్వేశారు. కన్యక నవ్వలేదు. లేచి వెళ్లి యాంకర్ చేతిలోంచి మైకు తీసుకుంది.

"కడుపుల తిప్పేది ఆయనకు గాదు. నాకు. ముప్పై ఏండ్ల సంది నా మీదికి మాట రాకుండ గా నింద ఆయనే మోసిండు."



"గట్లేం లేదు," బద్రీనాథ్ గారు కంగారుగా లేచారు. "నాకు గూడ జర..."

"కూసోవయ్యా," అంది కన్యక మైకులోనే.

ఆయన కూర్చున్నారు. దీప అక్కనూ బావనూ మార్చి మార్చి చూసింది. కళ్లు తుడుచుకుని, తెర వైపు చెయ్యి చూపించింది.

"మరి గీ ఊటీ ఏడిదే?"

"మిల్లు వెనకాల."

"ఎట్ల పోయిండ్రు?"

"ట్రాలీ ఆటో ఉన్నది గదా. జైపూర్, బొంబాయి, కేరళ, అన్నిటికి దాన్లనే తిప్పిండు మీ బావ," అంది కన్యక, సిమ్లా చెల్లెలి వైపు కూడా చూసి మరీ. "గేటు కాడ ఎక్కి, మిల్లు చుట్టు తిరిగి, ఊటీల దిగాలె."

మొదట వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత హాలంతా అందుకుంది. గ్రేస్ కెమెరా పక్కన పెట్టి మరీ కొట్టింది. దీప వచ్చి బద్రీనాథ్ గారి పక్కన కూర్చుంది.

"బావా, నేను దుబాయ్ సూసిన గని ఊటీ సూడలే. రేపు నన్ను గూడ తీస్కపోతవా?"

బద్రీనాథ్ గారు సగం కళ్లు మూసి, తల ఓ పక్కకు వాల్చారు. హన్మాను పిలిచి ట్రాలీలో ఇంకో కుర్చీ కట్టమన్నారు. తర్వాత మరదలి వైపు తిరిగారు.

"పొద్దుగాలనే రా బిడ్డా. గాడ చలి ఎక్కువ, స్వెటర్ తెచ్చుకో."