ఎస్తేరమ్మ కుండ

ఇవాళ మనవరాలు జొన్నలను స్టీలు డబ్బాలో పోస్తుంటే, ఆ చప్పుడుకు ఎస్తేరమ్మ కుండ గుర్తొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నూలు దొరక్క గద్వాలలో మగ్గాలన్నీ ఆగిపోయిన సంగతి నా ఈడు వాళ్లకు యాదికుందా?

మా నేతగాళ్ల వాడలో ఏసును నమ్మిన ఇల్లు ఎస్తేరమ్మది ఒక్కటే. అందరికీ పస్తులే. ఆమె మాత్రం ప్రతి ఆదివారం కొంగు చాటున కుండ పెట్టుకుని ప్రార్థనకు వెళ్లేది.

"గింజల కోసమే గా మతంల కలిసింది. ఆడ పోస్తుండ్రు, గందుకే కుండ," అనేది మా నాయనమ్మ. "జర చూసి రాపోవే."

వెళ్లి చూశాను. కుండ వెళ్లేటప్పుడు బరువుగా ఉంది, అక్కడి కానుకల గంపలో పోసి వచ్చేటప్పుడు ఖాళీ. రోజూ తిరగలిలో విసరబోయే ముందు ఎస్తేరమ్మ, ఉన్న సోలెడు జొన్నల్లోంచే ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేస్తోంది.

"తన పిల్లలకే లేకపాయె, ఇంక ఎవరికి పెడతది? ఇందుల ఏందో మతలబు ఉంది," అంది నాయనమ్మ.

ఆ నెలలోనే తాత జ్వరంతో పడ్డాడు. మా పొయ్యి వెలగక రెండు రోజులైంది. ఎస్తేరమ్మ వచ్చి కుండను మా చాటలో వంచింది.

"మమ్ముల మీ మతంల కలుపుకోనీకా?" అడిగింది నాయనమ్మ.

"కాదత్తా. మామకు జర అంబలి కాసి తాపు," అని ఆమె వెళ్లిపోయింది.

నాయనమ్మ ఆ జొన్నలను రెండుసార్లు చెరిగి, వాసన చూసి, మళ్లీ చెరిగి గానీ వండలేదు.

తర్వాత పదేళ్లు బతికింది. మంచం పట్టిన చివరి రోజుల్లో కూడా నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అడిగింది.

"గా జొన్నలకు బదులు ఎస్తేరు ఏమన్న అడిగిందానే?"