పేరా ఆఖర్న దాచిన మాట

ఈ రోజు ఇంగ్లీషు క్లాసులో నా పేరా బాగుందన్నారు. అప్పటి నుంచీ నాకు కాలు నిలవడం లేదు.

వచ్చే వేసవి గురించి రాయమన్నారు. మందసలో అత్తయ్య ఇల్లు, జీడిపళ్లు, అక్కుపల్లి సముద్రం అన్నీ రాసి, చిట్టచివర ఒక్క వాక్యం పెట్టాను. ఆ వేసవిలోనే నాకు పెళ్లి చేస్తారట, నాకేమో కాలేజీలో చదవాలని ఉంది.

మాస్టారు దాని కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసి నన్ను పిలిచారు.

“ఏటమ్మా, అసలు సంగతి ఆఖర్న పెట్టీసేవు? దాన్ని మొదట పెట్టి, మిగతావి దానికి ఆసరాగా రాయి. రేపు బోర్డుకి అంటిద్దాం.”

“ఆఖర్నే ఉంచుతానండి.”

“అక్కడుంటే ఎవులు సదువుతారే?”

“అందుకేనండి.”

మాస్టారు నవ్వబోయి ఆగిపోయారు. మా నాన్న మా బడిలోనే గుమస్తా. బోర్డుకెక్కే ప్రతి కాగితం మీదా ఆయన పొడి సంతకం ఉండాలి. ఏ కాగితమైనా మొదటి వాక్యం చూసి సంతకం పెట్టేస్తారు.

ఇంటికొచ్చేదాకా అదే ఆలోచన. ఆ మాట కిందే ఉంటే నాన్న సంతకమూ అయిపోతుంది, నా పెళ్లీ అయిపోతుంది. అందుకని పైకి తెచ్చి, తిరగరాసి, ఆయన చేతికిచ్చాను.

ఇప్పుడు వంటింటి గుమ్మం వెనక నిలబడి ఇది రాస్తున్నాను. ఆయన కలం తెరిచే ఉంది. నాన్న సంతకం పెట్టలేదు. రెండో వాక్యం చదువుతున్నారు. ఆయన ఒక కాగితాన్ని ఇంతసేపు చదవడం మీలో ఎవరైనా చూశారా?