మూసిన కొట్లలో బేరాలు

లూసియన్ డోంబెక్‌కి ఉన్న పిచ్చి ఒక్కటే. మూతపడ్డ కొట్లలో సరుకులు కొంటాడు.

అమెరికాలోని బఫెలో నగరంలో ఆ పాత పోలిష్ వాళ్ల వీధికి ఒకప్పుడు ముప్పై కొట్లు. ఇప్పుడు మిగిలినవి రెండు: ఒక మంగలి దుకాణం, శవాలను సాగనంపే ఇల్లు. "గొరిగించుకోవడం, పోవడం. మధ్యలో తినడానికేమీ లేదు" అంటుంది ఎదురింటి గెనియా. ఆమె మోకాళ్లు వరండా దాటనివ్వవు. వారానికోసారి ఆమె ఇల్లు కొంటామని ఉత్తరం వస్తుంది. ఇచ్చేది పాత కారు ధర. వీధి మూలన సరుకుల కొట్టు వస్తుందని పుకారు. అది రాకపోతే సంతకం పెట్టేసి పోవాలని గెనియా నిశ్చయించుకుంది.

లూసియన్ మాత్రం రోజూ టై కట్టుకుని, సంచీ పట్టుకుని బయల్దేరతాడు. రొట్టెల కొట్టు దుమ్ము పట్టిన అద్దం ముందు టోపీ తీసి, "రై రొట్టె ఒకటి. పల్చగా కోయి" అంటాడు. లేని మనిషికి దారిస్తాడు. "ముందు మీరే రండి, నాకేం తొందర లేదు." చచ్చి ఇరవయ్యేళ్లయిన కసాయితో పోట్లాడి, రెండు రోజులు అటు తొంగిచూడలేదు. పొగమంచులో అతన్ని చూస్తూ కూర్చుంటే గెనియాకు కాలుతున్న రొట్టె వాసన తగిలేది. తన ముక్కును తనే తిట్టుకునేది.

"ఏమయ్యా, రొట్టె బాగుందా?"

"కాస్త మాడింది, పానీ గెనియా. ఆ రొట్టెలవాడు చెబితే వినడు." అమ్మగారూ అనడానికి అతనింకా పోలిష్‌లో పానీ అనే అంటాడు.

ఏప్రిల్లో ఒక పిల్ల మడత కుర్చీ వేసుకుని వీధిలో కూర్చుంది. చేతిలో నొక్కితే అంకె మారే డబ్బీ.

"ఏం చేస్తున్నావే?" గెనియా వరండాలోంచి కేకేసింది.

"నడిచేవాళ్లను లెక్కపెడుతున్నానండీ. సాయంత్రానికి రెండొందలు దాటితే మా కంపెనీవాళ్లు ఇక్కడ సరుకుల కొట్టు పెడతారు."

"ఎంతయింది?"

"పదకొండు. అందులో తొమ్మిదిసార్లు ఆయనే."

గెనియా వీధిలోకి అరిచింది. "లూసియన్, ఇంటికి పో. నీ వేషాలు చూసి ఈ పిల్ల పారిపోతుంది."

పిల్ల మెల్లగా అడిగింది. "ఎవరితో మాట్లాడుతున్నారు, తాతా?"

లూసియన్ సిగ్గుపడ్డాడు. "ఎవరికేం కావాలో కాగితం మీద రాస్తే పారేసుకుంటానమ్మా. ఏ కొట్టు ముందు నిలబడితే ఆ కొట్టు సరుకు గుర్తొస్తుంది. పక్కింటి స్టెల్లాకు పళ్లు లేవు, రొట్టె పల్చగా ఉండాలి. పాలకొట్టు దగ్గర పానీ గెనియా మజ్జిగ. శుక్రవారం రెండు బస్సులు మారి తెచ్చి గుమ్మాల్లో పెడతాను. నలభై ఒక్క గుమ్మాలు. వాళ్లు నడవలేరు, నీ డబ్బీకి కనబడరు."

గెనియా నాలుగేళ్లుగా ఆ మజ్జిగ చర్చి పంపుతోందనుకుని ఫాదర్‌కి దండాలు పెట్టింది. ఆయనా కాదనలేదు, దొంగ.

ఆమె కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. లూసియన్ చెయ్యి పట్టుకుని స్టెల్లా తలుపు మీద గుద్దింది. "లేవే. అతని రొట్టె తిన్న ఒళ్లు కదిలించాలి." తర్వాతి తలుపు, ఆ తర్వాతిది. మధ్యాహ్నానికి వీధి నిండా చేతికర్రలు, చక్రాల కుర్చీలు. అందరూ రొట్టెల అద్దం దగ్గర వరస కట్టి, ఒకరికొకరు దారిచ్చుకుంటూ, అటూ ఇటూ కలలో నడిచినట్టు నడిచారు.

పిల్ల బొటనవేలు నొప్పెట్టింది. అయినా నొక్కుతూనే ఉంది.

గెనియా ఆమె ముందు ఆగింది. "నాకు ఒక్కసారే నొక్కావేం? ఇద్దరి లావున్నాను, కళ్లు కనబడటం లేదా?"