అక్క పాటలో ఖాళీ జాగా

మొన్న విమానాశ్రయానికి వెళ్తుంటే క్యాబ్ డ్రైవర్ పాట పెట్టాడు. డప్పు మోత వెనక సీటు దాకా వచ్చి వీపుకు తగిలింది. "మొగులు కమ్మిన పొద్దుల వస్తి, మొక్కజొన్న చేనుల నిలిస్తి..." ఆ తర్వాత పేరుపెట్టి పిలిచే పిలుపు రావాలి. ఈ డీజే పాటలో అక్కడ ఎవరో "ఓ స్వీటీ" అని అరిచారు. ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఆగిపోయింది. ఈ పాట నాకిచ్చిన మనిషి అక్కడ ఎవ్వరి పేరూ పలికేది కాదు.

మాది గుంటూరు. నాన్నగారి ఉద్యోగం కోసం శంషాబాద్ వచ్చి, ఒక మేడ మీద కిరాయికి దిగాం. నాకప్పుడు పన్నెండేళ్లు. కింద ఉండే ఇంటావిడను వీధి వీధంతా అక్కా అనే పిలిచేది, మేమూ అంతే. పొద్దున్నే కాటేదాన్‌లో ప్లాస్టిక్ డబ్బాల కార్ఖానాకు పోయి, సాయంత్రం వచ్చి, డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తూ పాడేది. సంగీతం క్లాసులో రెండేళ్లుగా నేర్చుకుంటున్నదంతా పక్కన పెట్టి, నేర్పమని ఆమె వెంటపడ్డాను.

నేర్పుతూ పాట కథ కూడా చెప్పింది. రావిర్యాలలో వాళ్ల మామ బండి తోలుతూ పాడేవాడట. ఎవరు కట్టారో ఆయనకూ తెలియదు. ఆయన దగ్గర అక్క భర్త, భర్త దగ్గర అక్క నేర్చుకున్నారు. మంఖాల్‌లో కలుపు తీసే ఆడవాళ్లు దాన్ని నెమ్మది చేశారు. పెళ్లి బ్యాండు వాళ్లు ఉరుకులెత్తించారు. ఎవరికి వాళ్లు పిలుపు దగ్గర తమకు కావలసిన పేరు పెట్టుకున్నారు, పెళ్లికూతురిదో, మరదలిదో. అక్క మాత్రం అక్కడికి రాగానే ఆగి, ఒక ఊపిరి తీసుకుని, తర్వాతి చరణం ఎత్తుకునేది. ఆ మాట మరిచిపోయిందేమో అనుకున్నాను. అంతటి తెలివి నాది.

ఆ ఏడు స్కూలు వార్షికోత్సవంలో ఆ పాటే పాడాను. అక్కను ముందు వరసలో కూర్చోబెట్టాను. ఆమెను సంతోషపెడదామని, కరెంటు బిల్లు మీద చూసిన ఆమె పేరు ఆ ఖాళీలో పెట్టి, బారుగా సాగదీసి "ఓ అంతమ్మా" అని పిలిచాను. చప్పట్లు మోగాయి. చూస్తే అక్క కుర్చీ ఖాళీ.

మర్నాడు డాబా మీద దొరికింది.

"ఏమైందక్కా? తప్పు పాడానా?"

"మంచిగనే పాడినవ్ బిడ్డా." బట్టలు మడత పెడుతూనే ఉంది. "నన్ను గట్ల పిలిచేటోడు మా ఆయనొక్కడే. పోయి ఆరేండ్లాయె. పాట తీస్కపో, ఎవ్వరికన్న నేర్పు. గా జాగ మాత్రం ఆయనది. అండ్ల ఎవ్వరు కూసోవద్దు."

సిగ్గుతో తల దించుకున్నాను. ఆనాటి నుంచి నేనూ అక్కడ ఆగడం నేర్చుకున్నాను. పోటీల్లో పాట మధ్యలో మరిచిపోయానని మార్కులు కోసేశారు, అయినా మార్చుకోలేదు. తర్వాత టీచరునయ్యాను. తండ్రి పోయిన పిల్ల మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతే ఇప్పటికీ మాట అందించను. ఊరికే పక్కన కూర్చుంటాను. అది ఏ ట్రైనింగులోనూ నేర్పలేదు.

నిరుడు అక్కకు బాగాలేదని తెలిసి దవాఖానకు వెళ్లాను. మనిషి సగమైంది. నా చెయ్యి పట్టుకుని "పాడు బిడ్డా" అంది. పాడాను. ఆ చోటికి రాగానే ఎప్పటిలాగే ఆగాను. ఆమె నా వేళ్లు నొక్కింది.

"ఆగకు. ఇగ నువ్వే పిలువు."

"ఆ జాగా ఆయనది కదక్కా."

"ఆయన గొంతు మర్సిపోతున్న బిడ్డా. ఎంత యాది చేసుకున్నా ఇనబడ్తలేదు. ఒక్కసారి పిలువు, యాదికొస్తదేమో."

పిలిచాను. "ఓ అంతమ్మా..."

ఆమె కళ్లు మూసుకుని చాలాసేపు వింది. నా గొంతు ఆగిపోయాక కూడా వింటూనే ఉంది. తర్వాత మెల్లగా, "వస్తున్న" అంది. ఆ జవాబు నాకు కాదని తెలుసు. వారం తిరక్కుండా పోయింది.

క్యాబ్‌లో పాట అయిపోయింది. "మళ్ల పెట్టాల్నా మేడం?" అన్నాడు డ్రైవర్. వద్దని చెప్పి, కిటికీ వైపు తిరిగి నాలో నేనే పాడుకున్నాను. పిలుపు దగ్గర ఆగి, ఒక ఊపిరి తీసుకున్నాను. ఇప్పుడు ఆ జాగా వాళ్లిద్దరిది.